ఒంటరిగా పాచికలు వేస్తే జూదమా?



అమెరికా దేశంలో కొన్ని ఇళ్లల్లో, కారు నిలిపే షెడ్డులోనో ఇంటి కింది గదిలోనో, పొడవాటి తొట్టి లాంటి బల్ల ఒకటి కనిపిస్తుంది. దాని మీద దట్టమైన గుడ్డ పరచి, ఒక కొసన చిన్న చిన్న మొనలున్న రబ్బరు గోడ అమర్చి ఉంటారు. ఇంటి యజమాని రాత్రి భోజనం ముగించుకొని అక్కడికి వెళ్లి, రెండు పాచికలను వేళ్ల మధ్య ఒక పద్ధతి ప్రకారం పట్టుకొని, ప్రతిసారీ ఒకే తీరున విసురుతాడు. పడిన సంఖ్యను నోటుపుస్తకంలో వ్రాసుకొని మళ్లీ విసురుతాడు. ఇలా రోజుకు వంద, రెండు వందల సార్లు. ఎదుట మరో మనిషి లేడు, బల్ల మీద ఒక్క పైసా లేదు. ఇతడు చేస్తున్నది జూదమని అనవచ్చునా?

ఈ ప్రశ్న మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. బెంగళూరు, చెన్నై, పూనా నుండి ఉద్యోగాలకు అమెరికా వెళ్లిన మన పిల్లలు సెలవుల్లో లాస్ వేగాస్ చూచి ఫొటోలు పంపుతున్నారు. అంత దూరం పోలేనివారికి గోవా దగ్గరే ఉన్నది. అక్కడ 1992లో అయిదు నక్షత్రాల హోటళ్లలో జూదపు యంత్రాలకు, 1996లో నీటి మీది ఓడల్లో జూదపు బల్లలకు చట్టం అనుమతి ఇచ్చింది. ఇప్పుడు మాండవి నదిలో నిలిచిన ఓడల మీద క్యాసినోలు నడుస్తున్నాయి. కాబట్టి ఈ సంగతిని మన గుమ్మం బయటి సంగతి అనుకోవడానికి వీలులేదు.

నిజానికి ఇందులో రెండు ప్రశ్నలు ఒకదానికొకటి చుట్టుకొని ఉన్నవి. పందెం లేకుండా ఒంటరిగా పాచికలు వేయడం తప్పా? ఇది మొదటిది. అలా నెలల తరబడి సాధన చేసినవాడు క్యాసినోకు వెళ్లి పందెం కడితే, అతడు జూదగాడా, లేక తన పనితనానికి కూలి తీసుకొనే పనివాడా? ఇది రెండవది. మొదటి ప్రశ్నకు "తప్పు లేదు" అనే జవాబు తేలికగా వస్తుంది. ఆ జవాబునే చేతిలో పట్టుకొని రెండవ ప్రశ్నను కూడా దాటిపోవాలని చూస్తారు. చిక్కంతా అక్కడే.

ముందు ఆట సంగతి చెప్పాలి. దీని పేరు క్రాప్స్. రెండు పాచికలు వేస్తారు. రెండు పాచికలు పడే తీరులు మొత్తం 36. అందులో ఏడు రావడానికి ఆరు తీరులు ఉన్నవి గనుక అన్నిటికంటె ఎక్కువగా వచ్చేది ఏడే. సగటున ఆరు విసుర్లకు ఒకసారి వస్తుంది. మొదటి విసురులో ఏడు గాని పదకొండు గాని పడితే గెలుపు. రెండు, మూడు, పన్నెండు పడితే ఓటమి. ఇంకేదైనా పడితే, ఏడు రాకముందే ఆ సంఖ్య మళ్లీ పడాలి. ఏడు ముందు వస్తే పందెం పోయినట్టే. మొదటి విసురులో అందరూ కోరుకొనే ఏడే తరువాతి విసుర్లలో శత్రువు అవుతుంది. లెక్క వేసి చూస్తే ప్రతి 495 పందేలలో 244 గెలుపులు, 251 ఓటములు. ఆ ఏడు పందేల తేడాయే ఇంటివాడి వాటా. నూరు డాలర్లకు ఒక డాలరు 41 సెంట్లు. జూదాలలో ఇది చాలా తక్కువ కోత అని చెప్పుకుంటారు, అది నిజమే. కాని అదే బల్ల మీద, తరువాతి విసురుకే ఏడు పడుతుందని కట్టే పందెం కూడా ఉన్నది. దానిలో నూటికి 16 డాలర్ల 67 సెంట్లు పోతాయి. అదీగాక, తక్కువ కోత పందెమైనా గంటలో ఎన్నోసార్లు తిరుగుతుంది. అదే సొమ్ము మళ్లీ మళ్లీ కోతకు గురవుతుంది.

ఇక మొదటి ప్రశ్న. పాచికలో పాపం లేదు. మన ఇళ్లల్లో చింతపిక్కలతో, గవ్వలతో అష్టాచెమ్మ ఆడని అమ్మమ్మ ఏది? పచ్చీసు, వైకుంఠపాళి ఆడని పిల్లలు ఎవరు? బడిలో నేను గణితం చెప్పిన రోజుల్లో రెండు పాచికలు ఇచ్చి పిల్లల చేత వేయించి, పడిన సంఖ్యలకు పలక మీద గీతలు గీయించేవాణ్ణి. గంట తిరిగేసరికి ఏడు దగ్గర గీతలు గుంపు కట్టేవి. ఎంత చెప్పినా అర్థం కాని భిన్నాలు ఆ గీతలు చూచాక అర్థమయ్యేవి.

పెద్దవాళ్లు కూడా ఈ పని ఎంతో శ్రద్ధగా చేశారు. ఇంగ్లండులో వెల్డన్ అనే శాస్త్రజ్ఞుడు 12 పాచికలను 26,306 సార్లు వేయించి లెక్క కట్టిన సంగతి 1894లో తెలియజేశాడు. అయిదు, ఆరు రావలసిన దానికంటె కొంచెం ఎక్కువగా వచ్చినవి. ఆరు చుక్కల ముఖం మీద గుంటలు ఎక్కువ గనుక ఆ వైపు తేలికై ఉంటుందని దీనికి కారణం చెబుతారు. ఇప్పటి క్యాసినో పాచికల గుంటలను అంతే బరువున్న రంగుతో నింపడం అందుకే. జాన్ కెరిచ్ అనే గణితోపాధ్యాయుడు 1940లో డెన్మార్కులో ఉండగా జర్మను సేనలు ఆ దేశాన్ని ఆక్రమించినవి. నిర్బంధ శిబిరంలో పొద్దుపోక ఆయన ఒక నాణాన్ని 10,000 సార్లు ఎగురవేసి లెక్క వ్రాశాడు. బొమ్మ 5,067 సార్లు పడింది. యుద్ధం ముగిశాక 1946లో అది పుస్తకంగా వచ్చింది. ఈ శాస్త్రంలో లోకమంతా గౌరవించిన సి. ఆర్. రావు గారు 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారే. కర్ణాటకలో ఉన్న మన వాళ్లు ఈ మాట పిల్లలకు చెప్పుకోవాలి.

వాక్యంలో చూచినా అంతే. కనాను దేశాన్ని గోత్రాలకు పంచింది చీట్లు వేసి. యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకున్నది చీట్లు వేసి. సిలువ కింద సైనికులు ప్రభువు అంగీ కోసం వేసినవి కూడా చీట్లే. చేసిన పని ఒక్కటే, చేతులే వేరు. మొదటి రెండు చోట్లా వేసినవారు వచ్చిన జవాబుకు లోబడడానికి సిద్ధపడి వేశారు. తమకు ఏది రావాలో ముందే నిశ్చయించుకొని వేయలేదు. సైనికులకు కావలసింది జవాబు కాదు, అంగీ. కెరిచ్ కూడా మొదటి జాతివాడే. బొమ్మ 5,067 సార్లు పడినా 4,950 సార్లు పడినా ఆయనకు పోయేదేమీ లేదు, అందుకే పడింది పడినట్టు వ్రాయగలిగాడు. ఒంటరిగా విసిరేవాణ్ణి తూచవలసిన త్రాసు ఇదేనని నా అభిప్రాయం. వాడి నోటుపుస్తకం "కాదు" అంటే వాడు వింటాడా?

షెడ్డులో విసిరే మనిషిని చులకన చేయడం నా ఉద్దేశం కాదు. వారి ఆలోచన ఇలా ఉంటుంది. పాచికలో ఎదురెదురు ముఖాలు కలిపితే ఎప్పుడూ ఏడే. కాబట్టి రెండు పాచికలనూ ఒక వరుసలో అమర్చి, రెండూ జతగా ఒకే ఇరుసు మీద తిరిగేటట్టు మెల్లగా విసిరితే, ఏడు పడే తీరులు తగ్గుతాయి. ఆరింటికి ఒకసారి రావలసిన ఏడు ఆరున్నరకు ఒకసారి వచ్చినా చాలు, ఇంటివాడి కోతను దాటవచ్చును. క్యారమ్స్ ఆడేవాడు స్ట్రైకరును రోజూ సాధన చేసినట్టే ఇదీ ఒక చేతిపని గదా అంటారు. చేతిపనిలో ఉండే ఆనందం నాకు తెలుసు. చాక్‌పీసుతో ఒకే గీతలో గుండ్రని వృత్తం గీయడానికి శిక్షణ కళాశాలలో మేము సాయంత్రాలు ఖర్చు పెట్టినవాళ్లమే.

అయితే ఆ నైపుణ్యం నిజంగా ఉన్నదా? స్టాన్‌ఫోర్డ్ వాంగ్ అనే కలంపేరుతో జూదాల లెక్కలు వ్రాసే రచయిత 2004లో ఒక పందెం వేశాడు. సాధన చేసినవారు 500 సార్లు విసిరితే ఏడు 79కి మించదని. మామూలుగా 83 సార్లు రావాలి. వచ్చింది 74. పందెం గెలిచాడు. సాధకులు ఇప్పటికీ ఈ మాట గొప్పగా చెప్పుకుంటారు. కాని లెక్క తెలిసినవారు పెన్సిలు పట్టుకొని చూస్తే, ఏ సాధనా లేనివాడు 500 సార్లు విసిరినా నూటికి 14 సార్లు ఏడు 74 గాని అంతకు తక్కువ గాని వస్తుంది. ఏడుగురిలో ఒకరికి ఊరికే జరిగేదాన్ని పట్టుకొని చేతి మహిమ అనలేము, కాదనీ అనలేము. ఏడు ఆరున్నరకు ఒకసారి వస్తున్నదా, ఆరుకే వస్తున్నదా అని కాస్త నమ్మకంగా తేల్చాలంటే సుమారు 3,400 విసుర్లు కావాలి. అదీ ఒక్కటి వదలకుండా వ్రాస్తేనే. జారిపడిన పాచికను "ఇది లెక్కలోకి రాదు" అనకూడదు. జ్వరం వచ్చిన రోజును కొట్టివేయకూడదు. బాగా పడుతున్నప్పుడు ఆపి, "ఈ రోజుకు చాలు" అనకూడదు. ఇంట్లో, ఎవరూ చూడని చోట, డబ్బు లేని చోట కూడా మనిషికి ఈ నిజాయితీ కష్టమే. ఇక డబ్బున్న చోట చెప్పాలా?

క్యాసినో బల్ల దగ్గర నోటుపుస్తకం ఉండదు. పాచికలు అవతలి గోడకు తగిలి తీరాలన్నది అక్కడి నియమం. ఆ గోడ నిండా రబ్బరు మొనలు ఉంటాయి గనుక జతగా వెళ్లినవి తలొక దిక్కుకు ఎగురుతాయి. డబ్బు డబ్బులా కనిపించదు, రంగు బిళ్లలుగా మారుతుంది. సారా ఉచితంగా వస్తుంది. చుట్టూ పదిమంది కేకలు వేస్తుంటారు. సాధన చేసినది చేతికే. అక్కడ పరీక్ష గుండెకు. షెడ్డులో ఏడు పడితే ఒక గీత గీసి ఊరుకున్నవాడు ఇక్కడ ఏడు పడితే ఇంటద్దె పోగొట్టుకుంటాడు. పోయినది రాబట్టడానికి మళ్లీ కడతాడు. ఏ లెక్క ప్రకారం కట్టాలని ఇంట్లో నిర్ణయించుకున్నాడో ఆ లెక్క ఆ క్షణంలో జ్ఞాపకం రాదు.

అక్కడి రికార్డులు కూడా ఒక మాట చెబుతాయి. 1989లో లాస్ వేగాస్‌లోని కాలిఫోర్నియా హోటలులో స్టాన్లీ ఫుజిటాకే అనే హవాయి వాసి మూడు గంటలకు పైగా 118 సార్లు విసిరిన తరువాతే ఓడాడు. ఆ హోటలు ఆయన పేరును ఈనాటికీ గొప్పగా చెప్పుకుంటుంది. గెలిచినవాణ్ణి ఓడినవాడు సన్మానిస్తున్నాడంటే అందులో వ్యాపారం ఏమిటో పాఠకులు ఊహించగలరు. ఆ రికార్డును 2009 మే నెలలో అట్లాంటిక్ సిటీలో న్యూజెర్సీకి చెందిన ఒక అమ్మమ్మ దాటివేసింది. నాలుగు గంటల 18 నిమిషాల్లో 154 విసుర్లు. గణితవేత్తలు లెక్క వేసి, అలా జరగడానికి అవకాశం సుమారు 560 కోట్లలో ఒకటి అన్నారు. ఆమె ఏ షెడ్డులోనూ సాధన చేసినది కాదు, ఆ ఆటకు దాదాపు కొత్త.

ఇంకొక సంగతి. 1962లో ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణితాచార్యుడు పేకలో బ్లాక్‌జాక్ ఆటను లెక్కతో గెలవవచ్చని పుస్తకం వ్రాస్తే, క్యాసినోలు కంగారుపడి నియమాలు మార్చినవి, పేకకట్టలు పెంచినవి, లెక్కపెట్టేవారిని బయటకు పంపినవి. పాచికలు అమర్చి విసిరేవారి విషయంలో అంత కంగారు కనిపించదు. గోడకు తగలనిస్తే చాలు, రమ్మంటారు. తన కల్లంలో గింజ పోతున్నదని తెలిస్తే రైతు ఊరుకుంటాడా?

సరే, వాదన కోసం నైపుణ్యం నిజమే అనుకుందాం. అప్పుడు తప్పు తొలగిపోతుందా? మన దేశంలో చట్టం చాలాకాలం ఈ దారినే నడిచింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో, 1968 నాటిదిగా న్యాయవాదులు ఉదహరించే సుప్రీంకోర్టు తీర్పు, రమ్మీ ముఖ్యంగా నైపుణ్యం గల ఆట, మూడు ముక్కలాట వంటి వట్టి అదృష్టపు ఆట కాదు అన్నది. పేకాట క్లబ్బులవారు ఇంతవరకే చదివి వినిపిస్తారు. పందెం మీద క్లబ్బు లాభం తీస్తూ ఉంటే అది నేరం కావచ్చునని అదే తీర్పులో ఉన్న మాట వారికి కనబడదు. ఆ తరువాత 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆన్‌లైన్ పందెపు ఆటలన్నిటినీ, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, నిషేధించింది. చట్టం అడిగే ప్రశ్న మారింది. "ఎంత తెలివి?" అని కాకుండా "ఎవరి సొమ్ము?" అని అడగడం మొదలుపెట్టింది. నాకైతే ఇదే సరియైన ప్రశ్న అనిపిస్తుంది.

మన భారతకథలోనే చూడండి. శకుని కంటె నైపుణ్యం గలవాడెవడు? ఆ సభలో జరిగిన అన్యాయం ఆ నైపుణ్యం వల్ల తగ్గలేదు, పెరిగింది. అదే భారతంలో నలుడు ఉన్నాడు. రాజ్యం పోగొట్టుకొని, ఋతుపర్ణుని వద్ద అక్షహృదయం నేర్చుకొని, తిరిగి ఆడి గెలిచాడు. సాధకుల పక్షాన చెప్పగల మంచి ఉదాహరణ ఇది, దాచకూడదు. అయితే నలుడు తిరిగి తీసుకొన్నది తన దగ్గర తీసుకొన్నవాడి నుండే, తనది తాను. షెడ్డు సాధకుడు గెలిచే డబ్బు ఎవరిది? క్యాసినో తన జేబులోనిది ఇవ్వదు. పక్కన నిలబడి కేకలు వేసిన మనిషి, నిన్న వచ్చి జీతం పోగొట్టుకొని వెళ్లిన మనిషి, ఇలాంటివారు పోసిన కుండలోనుంచి తీసి ఇస్తుంది. క్యారమ్స్ ఆటగాడి నేర్పు వల్ల ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరిపోదు.

కాబట్టి నోటుపుస్తకం రెండు విధాలుగా పనిచేస్తుంది. నిజాయితీగా వ్రాసినవాడికి అది మందు. వెయ్యిసార్లు విసిరి, ఏడు తన దారిన తాను ఆరింట ఒకసారి రావడం కళ్లారా చూచినవాడికి సగం జూదపు జ్వరం దిగిపోతుంది. తనకు కావలసినదే వ్రాసుకొనేవాడికి అది ముదిరే జబ్బు. మామూలు జూదగాడికి తాను జూదమాడుతున్నానని తెలుసు. ఇంట్లోవాళ్లు ఏడిస్తే తల దించుకుంటాడు. "సాధన చేశాను" అనేవాడు తల దించుకోడు. ఓడినప్పుడు ఇంకా సాధన కావాలంటాడు.

ఇది అమెరికా జబ్బు మాత్రమే అనుకోనక్కరలేదు. తెలంగాణ నుండి బొంబాయి మిల్లులకు వెళ్లిన నేత కుటుంబాల పెద్దలకు మట్కా సంగతి చెప్పనవసరం లేదు. మొదట న్యూయార్కు పత్తి ధరల అంకెల మీద పందెంగా మొదలై, 1962లో కల్యాణ్‌జీ భగత్, ఆ తరువాత రతన్ ఖత్రీ నడిపిన ఆట అది. దానిలో నైపుణ్యం అణువంత లేదు. అయినా పాత అంకెల చార్టులు ముందు వేసుకొని, పెన్సిలుతో గీతలు కలుపుతూ, లాంతరు వెలుగులో ఒంటరిగా "లెక్క తీసిన"వారు ఉండేవారు. చూచేవారికి వాళ్లు ఎంతో శ్రద్ధగా చదువుకుంటున్నట్టే ఉండేది. ఆ చార్టు "నీ లెక్క తప్పు" అని ప్రతి రోజూ చెబుతూనే ఉన్నది.

ఇక, "నా చేతిలో నిజంగా ఏదో ఉన్నది" అని ఎవరైనా యువకుడు అంటే, అతణ్ణి కోప్పడవద్దని పెద్దలకు నా మనవి. రెండు పాచికలు, ఒక నోటుపుస్తకం ఇవ్వండి. ఎన్నిసార్లు విసరాలో ముందే మొదటి పేజీలో వ్రాయించండి, 600 అనుకుందాం. విసిరే చోటికి ఎదురుగా ఒక చెక్క నిలబెట్టి, ప్రతి విసురూ దానికి తగలాలని చెప్పండి. వ్రాసే పని చెల్లెలికి గాని తమ్ముడికి గాని అప్పగించండి, విసిరేవాడికి వద్దు. ఏడు 100 సార్లు రావాలి. 82 నుండి 118 లోపు ఎంత వచ్చినా అందులో చేతి గొప్ప లేదు, చేతి లోపమూ లేదు. విసురుకు అర నిమిషం పట్టినా మొత్తం అయిదు గంటల పని, రెండు శనివారపు మధ్యాహ్నాలలో అయిపోతుంది.